వీలుకప్ ఎందుకు మొరాయిస్తోంది? #ఎన్/ఏ నుంచి చప్పుడు లేకుండా వచ్చే తప్పు ధర దాకా

వీలుకప్ అంటే ఒక విలువని (కోడ్ లాంటిది) ఇంకో పట్టికలో వెతికి, అదే వరుసలో ఉన్న వేరే విలువని (ధర లాంటిది) తెచ్చే ఎక్సెల్ ఫంక్షన్. ఇలాంటి లుకప్ ఫార్ములాలో ఎర్రర్ కనబడగానే చాలామంది చేసే మొదటి పని, దాని చుట్టూ ఇఫ్ఎర్రర్ తగిలించి సెల్ ఖాళీగా కనబడేలా చేయడం. షీటు శుభ్రంగా కనిపిస్తుంది, కానీ సమస్య మాత్రం అక్కడే ఉంటుంది. నిజానికి #ఎన్/ఏ అనేది మంచి వార్తే, "నువ్వు అడిగింది నాకు దొరకలేదు" అని ఉన్నది ఉన్నట్టు చెబుతోంది కదా. అసలు టెన్షన్ పడాల్సింది ఏ ఎర్రరూ ఇవ్వకుండా పక్క వరుసలోని ధరను తెచ్చి పెట్టే ఫార్ములాతో. ఈ రెండింటినీ పట్టుకునే పద్ధతి ఇది. ఒక్కో అడుగూ వరుసగా వేసుకుంటూ వెళ్తే చాలావరకు మొదటి మూడు నాలుగు అడుగుల్లోనే దొంగ దొరికిపోతాడు.

ఉదాహరణకి రెండు షీట్లు అనుకుందాం. "ఆర్డర్లు" షీటులో ఏ కాలమ్‌లో వస్తువు కోడ్ ఉంది. "ధరలు" షీటులో ఏ కాలమ్‌లో కోడ్, బీలో పేరు, సీలో ధర ఉన్నాయి. ఏ2లోని కోడ్‌ని ధరలు షీటు మొదటి కాలమ్‌లో వెతికి, మూడో కాలమ్‌లోని ధర తెచ్చే మన ఫార్ములా ఇది (చివరి ఫాల్స్ అంటే కచ్చితంగా అదే కోడ్ కావాలి అని):

=వీలుకప్(ఏ2, 'ధరలు'!ఏ2:సీ500, 3, ఫాల్స్)

ఫంక్షన్ పేర్లు, సెల్ పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, షీటులో కొట్టేటప్పుడు మామూలుగా ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టండి. చెప్పేదంతా ఎక్సెల్‌ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నా, గూగుల్ షీట్స్‌కి కూడా చాలావరకు వర్తిస్తుంది, తేడా ఉన్నచోట అక్కడే చెబుతాను.

## 1. ఎర్రర్ పేరు ఏంటో ముందు చూడండి

అన్ని ఎర్రర్లూ ఒకటి కాదు. #ఎన్/ఏ అంటే ఫార్ములా సరిగ్గానే నడిచింది, వెతికిన విలువ మాత్రం దొరకలేదు. #రెఫ్! అంటే లేని చోటుకి వెళ్లమని మీరు చెప్పారు: మూడు కాలమ్‌ల రేంజ్ ఇచ్చి నాలుగో కాలమ్ అడిగినా, ఫార్ములా వాడుతున్న కాలమ్‌నో షీటునో ఎవరైనా డిలీట్ చేసినా ఇదే వస్తుంది. #నేమ్? వస్తే ఫంక్షన్ పేరు తప్పు కొట్టి ఉంటారు, లేదా మాటల చుట్టూ కోట్స్ మర్చిపోయి ఉంటారు, లేదా ఆ ఫంక్షనే మీ వెర్షన్‌లో లేదు. వీలుకప్ పనినే చేసే కొత్త ఫంక్షన్ ఎక్స్‌లుకప్ విషయంలో ఇది బాగా ఎదురవుతుంది. ఎక్సెల్ 2016, 2019లలో ఆ ఫంక్షన్ లేదు, 2021 వెర్షన్‌లోనూ మైక్రోసాఫ్ట్ 365లోనూ ఉంది. కొత్త వెర్షన్‌లో చేసిన ఫైల్‌ని పాతదాంట్లో తెరిచి, ఫార్ములా ముందు ఏదో వింత అక్షరాల తోక చేరిందని కంగారు పడేవాళ్ల కథ ఇదే.

#వాల్యూ! కొంచెం తక్కువగా వస్తుంది. కాలమ్ నంబర్ ఒకటి కన్నా తక్కువ ఇస్తే, లేదా వెతికే మాట 255 అక్షరాలు దాటితే వీలుకప్ ఇలా అంటుంది. రెండోది ఎవరికి వస్తుందిలే అనుకోవద్దు, పొడవాటి వివరణల కాలమ్‌నే గుర్తింపుగా వాడేవాళ్లకి వస్తుంది. ఇక #స్పిల్! వచ్చిందంటే ఏ2 అని ఇవ్వాల్సిన చోట ఏ:ఏ అని మొత్తం కాలమ్ ఇచ్చేశారేమో చూడండి. పాత ఎక్సెల్ దాన్ని సర్దుకుని అదే వరుస సెల్‌ని తీసుకునేది, కొత్తది మొత్తం కాలమ్‌కీ జవాబులు పరచాలని చూసి చోటు చాలక చేతులెత్తేస్తుంది.

ఇంకోటి, ఇది చాలామంది మర్చిపోతారు. ధరలు షీటులో సీ కాలమ్‌లోనే ఎర్రర్ ఉంటే, వీలుకప్ ఆ ఎర్రర్‌నే నమ్మకంగా మోసుకొచ్చి మీకు ఇస్తుంది. ఫార్ములాని అరగంట తిట్టుకునే ముందు అవతలి సెల్‌లో ఏముందో ఒకసారి కంటితో చూడండి.

## 2. ఒక్క వరుస పట్టుకోండి

వెయ్యి వరుసల్లో రెండొందల ఎర్రర్లు ఉన్నా, మొత్తం మీద పడొద్దు. కచ్చితంగా దొరకాలి అని మీకు తెలిసిన ఒక్క కోడ్ తీసుకోండి. ఆర్డర్లులో అది ఏ2లో ఉంది, ధరల్లో ఏ37లో కంటికి కనబడుతూనే ఉంది అనుకుందాం. పక్కనే ఏదైనా ఖాళీ సెల్‌లో ఇలా కొట్టండి:

=ఏ2='ధరలు'!ఏ37

ట్రూ వస్తే ఆ రెండు విలువలూ ఒకటే, కాబట్టి తప్పు దాదాపుగా రేంజ్‌లో ఉంది, నేరుగా 6వ అడుగుకి వెళ్లిపోండి. ఫాల్స్ వస్తే మీ కళ్లు మిమ్మల్ని మోసం చేస్తున్నాయి. ఆ రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి గానీ ఒకటి కాదు.

ఫాల్స్ వచ్చినప్పుడు వెంటనే ఇంకో పరీక్ష పెట్టండి. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే:

=కౌంట్‌ఇఫ్('ధరలు'!ఏ:ఏ, ఏ2)

ఇందులో కిటుకు ఏంటంటే, ఎక్సెల్‌లో కౌంట్‌ఇఫ్ కొంచెం ఉదారంగా ఉంటుంది, నంబరుగా ఉన్న 457నీ, టెక్స్ట్‌గా ఉన్న 457నీ ఒకటిగానే లెక్కపెడుతుంది. వీలుకప్ అలా కాదు, దానికి ఆ రెండూ వేరు వేరు. అందుకే కౌంట్‌ఇఫ్ 1 అని చెబుతూ వీలుకప్ మాత్రం #ఎన్/ఏ అంటోందంటే, నంబరు-టెక్స్ట్ గొడవేనని మొదటి అనుమానం పెట్టుకోవచ్చు. కౌంట్‌ఇఫ్ కూడా 0 అంటే కనబడని అక్షరం ఏదో దూరి ఉండాలి, లేదా ఆ కోడ్ నిజంగానే లేదు. రెండో మూడో వచ్చిందంటే డూప్లికేట్లు ఉన్నాయి, దాని సంగతి కింద చెబుతాను.

గూగుల్ షీట్స్‌లో అయితే ఎర్రర్ సెల్ మీద మౌస్ ఉంచితే ఏ విలువ దొరకలేదో కోట్స్ మధ్యలో చూపిస్తుంది. ముగింపు కోట్‌కి ముందు ఒక ఖాళీ కనబడిందంటే జవాబు చేతికొచ్చినట్టే.

## 3. నంబరా, టెక్స్టా

అమరిక ముట్టుకోని సెల్‌లో నంబరు కుడివైపుకి, టెక్స్ట్ ఎడమవైపుకి అతుక్కుని ఉంటుంది. ఎక్సెల్ అయితే టెక్స్ట్‌గా ఉన్న నంబరు మూలన ఆకుపచ్చ త్రికోణం కూడా పెడుతుంది. కానీ ఎవరో మొత్తం కాలమ్‌ని మధ్యకి సర్దేసి ఉంటారు, త్రికోణం ఆఫ్ చేసి ఉంటారు, అందుకని కంటిని నమ్మకుండా =ఈజ్‌నంబర్(ఏ2), =ఈజ్‌నంబర్('ధరలు'!ఏ37) రెండూ కొట్టి చూడండి. ఒకటి ట్రూ, ఒకటి ఫాల్స్ వస్తే విషయం తేలిపోయింది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఏంటంటే, సెల్ ఫార్మాట్‌ని టెక్స్ట్ నుంచి నంబరుకి మార్చి "అయినా పనిచేయట్లేదు" అనడం. ఫార్మాట్ మార్చితే కనబడే తీరు మారుతుంది, లోపల ఇప్పటికే దాచుకున్న విలువ మారదు. విలువని మార్చాలంటే ఆ కాలమ్‌ని సెలెక్ట్ చేసి, డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి, ఏమీ మార్చకుండా నేరుగా ఫినిష్ నొక్కండి. ఒక్క దెబ్బకి అన్నీ నంబర్లు అవుతాయి (కాలమ్ ఫార్మాట్ ముందు జనరల్‌లో పెట్టుకోండి). ఇంకో దారి, ఎక్కడైనా 1 అని కొట్టి కాపీ చేసి, ఆ కాలమ్ మీద పేస్ట్ స్పెషల్‌లో మల్టిప్లై ఎంచుకోవడం.

డేటాని ముట్టుకునే హక్కు మీకు లేకపోతే ఫార్ములాలోనే సర్దుకోవచ్చు. ధరల్లో నంబర్లు ఉండి మీ దగ్గర టెక్స్ట్ ఉంటే ఏ2 బదులు వాల్యూ(ఏ2) ఇవ్వండి. ధరల్లో టెక్స్ట్ ఉండి మీ దగ్గర నంబరు ఉంటే ఏ2&"" అని ఇవ్వండి, నంబరు కాస్తా టెక్స్ట్ అయిపోతుంది.

ముందు సున్నాలున్న కోడ్‌ల దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. 00457 అనేది కోడ్, సంఖ్య కాదు, దాంతో మీరు కూడికలు తీసివేతలు చేయరు. సీఎస్‌వీ ఫైల్‌ని (విలువలని కామాలతో విడగొట్టిన సాదా టెక్స్ట్ ఫైల్) డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఎక్సెల్ ఆ సున్నాలని తినేసి 457గా మార్చేస్తుంది. అప్పుడు అవతలివైపు 00457 టెక్స్ట్‌గా ఉంటే ఎన్ని తలకిందుల ఫార్ములాలు రాసినా కలవదు, టెక్స్ట్(ఏ2,"00000") అని అయిదు అంకెలకి నింపుకుని వెతకాల్సిందే. నా మాట వింటే ఇలాంటి ఫైళ్లని డేటా ట్యాబ్ నుంచి ఇంపోర్ట్ చేసుకుని, కోడ్ కాలమ్‌ని మొదటే టెక్స్ట్ అని చెప్పేయండి. పదహారు అంకెలు, అంతకు మించిన నంబర్లయితే ఇంకా ఘోరం: ఎక్సెల్ నంబరుగా 15 అంకెల దాకానే గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాతవన్నీ సున్నాలు చేసేస్తుంది. ఒకసారి సున్నా అయిపోయాక తిరిగి తెచ్చే ఫార్ములా లేదు, అసలు ఫైల్ దగ్గరికే వెళ్లాలి. పైన ఉదారం అన్న కౌంట్‌ఇఫ్ కూడా ఇక్కడ పనికిరాదు, టెక్స్ట్‌గా దాచిన పొడవాటి నంబర్లని కూడా మొదటి 15 అంకెలు కలిస్తే ఒకటే అనేస్తుంది.

## 4. కనబడని అక్షరాలు

రెండూ టెక్స్టే, అయినా కలవట్లేదు. ఇప్పుడు పొడవు కొలవండి. =లెన్(ఏ2) అని కొడితే 6 వచ్చింది, అవతల సెల్‌కి 5 వచ్చింది. కంటికి రెండూ అయిదక్షరాల కోడ్‌లే. మరి ఆరోది ఎవరు?

కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ యూనికోడ్ అనే ఒక నంబరు ఉంటుంది. కొత్త ఎక్సెల్‌లో అక్షరం అక్షరం విడగొట్టి ఆ నంబర్లు చూడొచ్చు:

=యూనికోడ్(మిడ్(ఏ2, సీక్వెన్స్(లెన్(ఏ2)), 1))

పీ-204 అనే కోడ్‌కి (పీ అంటే ఇంగ్లీష్ పెద్ద అక్షరం) ఇది కిందికి ఒక్కో వరుసలో 80, 45, 50, 48, 52, 160 అని చూపించిందనుకోండి. మొదటి అయిదూ పీ, గీత, 2, 0, 4. చివరి 160 మన దొంగ. అది వెబ్‌పేజీల నుంచి కాపీ చేసినప్పుడు అంటుకుని వచ్చే విడిపోని ఖాళీ. చూడ్డానికి మామూలు స్పేస్‌లాగే ఉంటుంది, కానీ మామూలు స్పేస్ నంబరు 32. ట్రిమ్ ఫంక్షన్ 32ని మాత్రమే తీస్తుంది, 160 దాని కంటికి ఆనదు. "ట్రిమ్ పెట్టాను, అయినా రావట్లేదు" అనే ఫిర్యాదు వెనక పదిలో ఎక్కువసార్లు ఉండేది ఇదే అని నా అంచనా. పాత ఎక్సెల్‌లో సీక్వెన్స్ లేకపోతే =యూనికోడ్(రైట్(ఏ2,1)) అని చివరి అక్షరాన్నీ, లెఫ్ట్‌తో మొదటి అక్షరాన్నీ చూసుకోండి, సాధారణంగా చెత్త చేరేది ఆ రెండు కొసల్లోనే. గూగుల్ షీట్స్‌లో పై ఫార్ములానే అర్రేఫార్ములా లోపల పెట్టి కొట్టాలి.

10 వచ్చిందంటే సెల్ లోపల ఎవరో ఆల్ట్ + ఎంటర్ కొట్టారు, లైన్ మారింది. దాన్ని క్లీన్ తీసేస్తుంది, ఎందుకంటే క్లీన్ పని 0 నుంచి 31 దాకా ఉన్న అక్షరాలని ఊడ్చేయడం. మూడింటికీ కలిపి ఒక ఫార్ములా:

=ట్రిమ్(క్లీన్(సబ్‌స్టిట్యూట్(ఏ2, యూనిచార్(160), " ")))

ముందు 160ని మామూలు స్పేస్‌గా మార్చి, తర్వాత క్లీన్, చివర ట్రిమ్. ఈ వరుస ముఖ్యం, ట్రిమ్ ముందు పెట్టేస్తే 160లు తర్వాత స్పేస్‌లుగా మారి అక్కడే ఉండిపోతాయి.

పేర్లు తెలుగులో ఉన్న షీట్లకి ఇంకో తలనొప్పి ఉంది. కొన్ని పదాల మధ్యలో పొల్లు తర్వాతి అక్షరంతో అతుక్కోకుండా ఆపడానికి వెడల్పే లేని ఒక అక్షరం పడుతుంది, దాని నంబరు 8204. "సాఫ్ట్‌వేర్" అనే మాటని ఒక కీబోర్డు దాంతో రాస్తుంది, ఇంకొకటి అది లేకుండా రాస్తుంది, కొన్ని ఫాంట్లలో చూస్తే తేడా తెలియనే తెలియదు. వెబ్ నుంచి వచ్చిన టెక్స్ట్‌లో 8203 అనే సున్నా వెడల్పు స్పేస్ కూడా తగులుతుంది. ట్రిమ్, క్లీన్ రెండూ వీటిని పట్టించుకోవు. పొడవులో తేడా వచ్చి కారణం దొరక్కపోతే సబ్‌స్టిట్యూట్(ఏ2, యూనిచార్(8204), "") అని రెండువైపులా తీసేసి పోల్చి చూడండి. అసలు మాట్లాడితే, తెలుగు పేర్లని గుర్తింపుగా పెట్టుకుని లుకప్ చేయడమే రిస్కు. పక్కన ఒక కోడ్ కాలమ్ పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

శుభ్రం చేసేది ఏ వైపు? చెత్త మీ షీటులో ఉంటే ఏ2 బదులు పై ఫార్ములానే వీలుకప్ లోపల పెట్టేయొచ్చు. చెత్త ధరలు షీటులో ఉంటే మాత్రం పక్కన ఒక సహాయ కాలమ్ తీసి, అక్కడ శుభ్రం చేసి, కాపీ కొట్టి, అసలు కాలమ్ మీద పేస్ట్ వాల్యూస్ చేయండి. ఏడాదికోసారి వచ్చే ఫైల్ అయితే ఇది చాలు. రోజూ వచ్చే ఫైల్ అయితే పవర్ క్వెరీలో (డేటా తెచ్చుకుని శుభ్రం చేసే ఎక్సెల్ సాధనం) ఒకసారి అమర్చుకోండి, అందులో ట్రిమ్, క్లీన్ రెండూ మౌస్ నొక్కులతో అయిపోతాయి, 160 కోసం మాత్రం రీప్లేస్ వాల్యూస్ అడుగు ఒకటి విడిగా కలుపుకుంటే సరి.

## 5. తేదీలు, దశాంశాలు, ప్రత్యేక గుర్తులు

తేదీ అనేది లోపల ఒక నంబరు. 2025 జనవరి 1 అంటే ఎక్సెల్‌కి 45658. అవతలివైపు "01/01/2025" అని టెక్స్ట్‌గా ఉంటే ఇది కూడా నంబరు-టెక్స్ట్ గొడవే, పై పరీక్షలే చాలు. ఇంకొంచెం దొంగతనంగా ఉండేవి రెండున్నాయి. ఒకటి, తేదీ వెనక సమయం దాక్కుని ఉండటం: 45658.5 అంటే అదే రోజు మధ్యాహ్నం పన్నెండు, ఫార్మాట్ తేదీ మాత్రమే చూపిస్తుంది కాబట్టి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇంట్(ఏ2) అని వెతికితే సమయం ఊడిపోతుంది. రెండోది, రోజు-నెల తారుమారు. నెల ముందు రాసే సెట్టింగు ఉన్న కంప్యూటర్‌లో 25/03/2025 లాంటివి అర్థం కాక టెక్స్ట్‌గా మిగిలిపోతాయి, 05/03/2025 మాత్రం చక్కగా మే 3 అయిపోయి కూర్చుంటుంది. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు ఎడమకి, కొన్ని కుడికి ఉంటే ఇదే జరిగిందని అర్థం. అప్పుడు ఎడమవైపువి మాత్రమే సరిచేస్తే సరిపోదు, కుడివైపువే అసలు తప్పులు.

దశాంశాల సంగతి: 0.1ని పదే పదే కలుపుతూ కట్టిన పట్టికలో 0.3 కోసం వెతికితే దొరక్కపోవచ్చు. కంప్యూటర్ 0.1ని ద్విసంఖ్యల్లో కచ్చితంగా రాయలేదు, కూడిన కొద్దీ ఎక్కడో పదిహేడో స్థానంలో తేడా పడుతుంది. ఇలాంటప్పుడు సమానం గుర్తుతో చేసిన పోలిక ట్రూ అన్నా లుకప్ ఒప్పుకోకపోవడం కూడా ఉంది. పట్టికలోనూ, వెతికే విలువకీ రౌండ్ పెట్టేయండి, అయిపోతుంది.

కోడ్‌లలో నక్షత్రం, ప్రశ్నార్థకం, టిల్డే (~) గుర్తులున్నాయా? వీలుకప్ ఖచ్చితమైన పోలికలో కూడా నక్షత్రం అంటే "ఏదైనా, ఎంతైనా" అనీ, ప్రశ్నార్థకం అంటే "ఏదో ఒక అక్షరం" అనీ తీసుకుంటుంది. 10*20 అనే సైజు వెతికితే 10*5*20 ముందు ఉంటే అదే తెచ్చేస్తుంది, ఎర్రర్ కూడా రాదు. ఆ గుర్తుల ముందు ~ పెడితే వాటిని మామూలు అక్షరాలుగా చూస్తుంది. ఎక్స్‌లుకప్‌లో ఈ గొడవ లేదు, మీరు అడిగితేనే ఆ గుర్తులకి ప్రత్యేక అర్థం ఇస్తుంది.

## 6. రేంజ్ జారిపోయిందా

పై వరుసల్లో అంతా బాగుంది, కిందికి పోయేకొద్దీ #ఎన్/ఏలు పెరుగుతున్నాయి. ఈ లక్షణం కనబడితే పరీక్షలేమీ అక్కర్లేదు, ఫార్ములాని కిందికి లాగినా రేంజ్ కదలకుండా పట్టి ఉంచే డాలర్ గుర్తులు మర్చిపోయారు. మొదటి వరుసలో ఏ2:సీ500 అని ఉన్న రేంజ్ కిందికి లాగితే 300వ వరుసకి వచ్చేసరికి ఏ300:సీ798 అయిపోతుంది, ధరల్లో మొదటి 298 వస్తువులు దాని లెక్కలో లేనట్టే. ఫార్ములాలో రేంజ్ మొత్తాన్ని సెలెక్ట్ చేసి ఎఫ్4 నొక్కితే $ఏ$2:$సీ$500 అవుతుంది, అప్పుడు లాగండి.

దీనికి తోబుట్టువు ఇంకొకటి: రేంజ్ జారలేదు గానీ ధరల్లో కొత్త వస్తువులు 501వ వరుస నుంచి చేరాయి. పాతవి దొరుకుతాయి, కొత్తవి మాత్రమే దొరకవు. ధరలని కంట్రోల్ + టీతో టేబుల్‌గా మార్చి ఆ టేబుల్ పేరే ఫార్ములాలో వాడండి, వరుసలు పెరిగితే రేంజ్ దానంతటదే పెరుగుతుంది, డాలర్ల బెడద కూడా పోతుంది.

కలిపేసిన సెల్స్ ఉంటే అవి కూడా చూడండి. అయిదు వరుసల్ని కలిపి ఒక పేరు రాసినా విలువ ఉండేది పై సెల్‌లోనే, మిగతా నాలుగూ ఖాళీ. డేటా ఉండే షీటులో సెల్స్ కలపడం అనేదే మానేయాలి, అది ప్రింటు తీసే షీటులో చేసుకోండి.

వెతికే కాలమ్ రేంజ్‌లో ఎడమవైపు మొదటిదై ఉండాలనేది వీలుకప్ పుట్టుకతో వచ్చిన షరతు. కోడ్ బీలో ఉండి మీరు ఏ నుంచి రేంజ్ ఇస్తే అది ఏలోనే వెతుకుతుంది, దొరకదు. దీనికోసం కాలమ్‌లు అటూ ఇటూ మార్చకండి. =ఇండెక్స్('ధరలు'!$సీ$2:$సీ$500, మ్యాచ్(ఏ2, 'ధరలు'!$బీ$2:$బీ$500, 0)) వాడండి (మ్యాచ్ కోడ్ ఎన్నో వరుసలో ఉందో చెబుతుంది, ఇండెక్స్ ఆ వరుసలోని ధర ఇస్తుంది), లేదా ఎక్స్‌లుకప్ ఉంటే అది.

ఇంకో ఫైల్‌లోంచి తెస్తుంటే, ఆ ఫైల్ పేరో ఫోల్డరో మారిందేమో చూడండి. ఇన్‌డైరెక్ట్ (మాటల్లో ఇచ్చిన సెల్ చిరునామాని రేంజ్‌గా మార్చే ఫంక్షన్) వాడి రేంజ్ కట్టినవాళ్లకి అవతలి ఫైల్ మూసి ఉంటే #రెఫ్! వస్తుంది, మామూలు వీలుకప్‌కి ఆ ఇబ్బంది లేదు. గూగుల్ షీట్స్‌లో ఇంపోర్ట్‌రేంజ్‌తో తెస్తే మొదటిసారి అనుమతి ఇచ్చేదాకా #రెఫ్! అనే ఉంటుంది.

## 7. ఎర్రర్ లేదు, జవాబు తప్పు

అసలు భయపడాల్సిన భాగం ఇది.

వీలుకప్ చివర ఫాల్స్ రాయకుండా వదిలేస్తే అది ట్రూ అనుకుంటుంది, అంటే "దగ్గరలో ఉన్నది ఇవ్వు" అని. ఆ పద్ధతిలో అది పై నుంచి కిందికి ఒక్కోటి చూడదు. పట్టిక చిన్న నుంచి పెద్దకి వరుసలో ఉందని నమ్మి, సరిగ్గా మధ్యకి దూకి, అక్కడున్నది చిన్నదైతే కిందిసగం, పెద్దదైతే పైసగం తీసుకుంటూ పోతుంది. పట్టికలో కోడ్‌లు 105, 340, 210, 480, 590 అనే వరుసలో ఉన్నాయనుకోండి, మీరు 340 అడిగారు. మధ్యలో 210 ఉంది, 340 కన్నా చిన్నది, కాబట్టి కిందికి దిగింది. కింద 480, 590 రెండూ పెద్దవి. ఇక "340కి మించకుండా చివరగా చూసింది 210" అని 210 ధర తెచ్చి మీ చేతిలో పెడుతుంది. 340 రెండో వరుసలో ఉన్నా దాని మొహం కూడా చూడలేదు. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. అదే పట్టికలో 480 అడిగితే సరిగ్గానే ఇస్తుంది, అందుకే రెండు మూడు వరుసలు సరిచూసి "బాగానే ఉంది" అనుకుంటాం.

మ్యాచ్ ఫంక్షన్‌లో కూడా ఇంతే, మూడో విలువ వదిలేస్తే 1 అనుకుంటుంది. కచ్చితంగా 0 రాయండి. ట్రూ వాడాల్సిన చోటు ఒకటే: పరిమాణాన్ని బట్టి డిస్కౌంటు, మార్కులను బట్టి గ్రేడు లాంటి శ్లాబులు. అక్కడ కూడా మొదటి కాలమ్ ఆరోహణ క్రమంలో ఉండాలి, పట్టిక 0తో మొదలవ్వాలి. 10తో మొదలుపెడితే 7 అడిగినప్పుడు #ఎన్/ఏ వస్తుంది.

రెండో దొంగ, కాలమ్ నంబరు. ఫార్ములాలో 3 అని అంకె రాసి పెట్టారు. ఎవరో పేరుకీ ధరకీ మధ్యలో "యూనిట్" అనే కాలమ్ చేర్చారు. రేంజ్ దానంతటదే డీ దాకా సాగింది, అంకె మాత్రం 3గానే ఉండిపోయింది. ఇప్పుడు ధర బదులు యూనిట్ వస్తుంది. కొత్త కాలమ్‌లో మాటలుంటే వెంటనే తెలుస్తుంది, ఉన్నది కూడా అంకెలైతే (పాత ధర కాలమ్ చేర్చారనుకోండి) నెలల తరబడి తెలియదు. 3 బదులు మ్యాచ్("ధర", 'ధరలు'!$ఏ$1:$డీ$1, 0) అని హెడింగ్‌ని వెతికించండి.

మూడోది డూప్లికేట్లు. ఒకే కోడ్ రెండుసార్లు ఉంటే వీలుకప్ పైదాన్నే ఇస్తుంది, కొత్త ధర కింద చేర్చి ఉంటే పాత ధరే వస్తుంది. ధరల పక్కన =కౌంట్‌ఇఫ్(ఏ:ఏ, ఏ2)>1 అని లాగి ట్రూలన్నీ ఫిల్టర్ చేయండి. చివరిది కావాలంటే ఎక్స్‌లుకప్‌లో వెతికే దిశకి -1 ఇస్తే కింది నుంచి వెతుకుతుంది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా వీటిలో దేనికీ పట్టదు.

ఇండెక్స్-మ్యాచ్ వాడేవాళ్లు రెండు రేంజ్‌లూ ఒకే వరుసలో మొదలయ్యాయో లేదో చూసుకోవాలి. ఒకటి సీ1 నుంచి, ఇంకొకటి బీ2 నుంచి ఉంటే ప్రతి జవాబూ ఒక వరుస పైనుంచి వస్తుంది, అన్నీ నమ్మదగ్గ ధరలే, అన్నీ తప్పే. ఎక్స్‌లుకప్ అయితే రేంజ్‌ల పొడవు కలవకపోతే #వాల్యూ! అని ఆగిపోతుంది. మొండిగా ఆగిపోవడమే నాకిష్టం.

ధర ఖాళీగా ఉన్న వస్తువుకి 0 రావడం కూడా ఈ కోవలోదే. ఉచితమా, ధర ఇంకా వేయలేదా అన్నది మీకు ముఖ్యమైతే ఇఫ్ పెట్టి ఖాళీ అయితే "ధర లేదు" అని రాయించండి.

## 8. అప్పటికీ తెలియకపోతే

సెల్‌లో జవాబు బదులు ఫార్ములానే అక్షరాలుగా కనబడుతుంటే ఆ సెల్ టెక్స్ట్ ఫార్మాట్‌లో ఉంది. జనరల్‌కి మార్చి, ఎఫ్2 నొక్కి ఎంటర్ కొట్టండి. డేటా మార్చినా జవాబు మారకపోతే ఫార్ములాస్ ట్యాబ్‌లో కాల్క్యులేషన్ ఆప్షన్స్ మాన్యువల్‌లో ఉందేమో చూడండి. ముందు తెరిచిన ఫైల్ సెట్టింగే తర్వాత తెరిచినవాటికీ అంటుకుంటుంది, కాబట్టి మీరు ముట్టుకోకపోయినా మారి ఉండొచ్చు.

పొడవాటి ఫార్ములా అయితే ఫార్ములా బార్‌లో ఒక ముక్కని, ఉదాహరణకి మ్యాచ్ భాగాన్ని మాత్రమే, సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కండి, ఆ ముక్క విలువ అక్కడే కనబడుతుంది. చూశాక ఎస్కేప్ నొక్కాలి. ఎంటర్ కొడితే ఆ ముక్క శాశ్వతంగా అంకెగా మారిపోతుంది, జాగ్రత్త. అలా చేయి జారుతుందనే భయం ఉంటే ఫార్ములాస్ ట్యాబ్‌లో ఎవాల్యుయేట్ ఫార్ములా ఉంది, ఒక్కో అడుగూ లెక్కపెట్టి చూపిస్తుంది.

లిబ్రేఆఫీస్ క్యాల్క్‌లో ఇదే ఫైల్ వేరే జవాబులు ఇస్తుంటే, ఆప్షన్స్‌లో క్యాల్క్ కింద కాల్క్యులేట్ అనే పేజీలో వైల్డ్‌కార్డులా (5వ అడుగులో చెప్పిన నక్షత్రం, ప్రశ్నార్థకం గుర్తులు), రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లా (ఇంకా ఎక్కువ గుర్తులతో నమూనా వెతికే పద్ధతి) అనే ఎంపిక ఎలా ఉందో చూడండి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు ఆన్‌లో ఉంటే కోడ్‌లోని చుక్కలు, బ్రాకెట్లు కూడా వేరే అర్థం తెచ్చుకుంటాయి.

## 9. ఇప్పుడు దాచండి, కానీ ఇఫ్ఎర్రర్‌తో కాదు

అన్నీ సరిచేశాక మిగిలే #ఎన్/ఏలు నిజంగానే ధరల్లో లేని కోడ్‌లు. వాటికి ఇఫ్ఎన్ఏ వాడండి, ఎక్సెల్ 2013 నుంచి ఉంది:

=ఇఫ్ఎన్ఏ(వీలుకప్(ఏ2, 'ధరలు'!$ఏ$2:$సీ$500, 3, ఫాల్స్), "జాబితాలో లేదు")

ఇఫ్ఎర్రర్ అయితే #రెఫ్!, #నేమ్? లాంటివి కూడా కప్పేస్తుంది. రేపెవరో కాలమ్ డిలీట్ చేస్తే ప్రతి వరుసా "జాబితాలో లేదు" అంటుంది, మీరు జాబితా తయారుచేసినవాళ్లని నిలదీస్తారు. ఇఫ్ఎన్ఏ దొరకని వాటిని మాత్రమే కప్పుతుంది. ఎక్స్‌లుకప్‌లో నాలుగో విలువ కూడా ఇలాంటిదే. కోట్స్ మధ్య ఏమీ లేకుండా "" పెట్టడం కన్నా ఒక మాట రాయడం మేలు, ఎందుకంటే ఖాళీ సెల్‌ని ఫిల్టర్‌లో ఎవరూ చూడరు. సున్నా అయితే అసలు పెట్టొద్దు, అది మొత్తంలో కలిసిపోయి లెక్క తక్కువ చూపిస్తుంది.

ఆ తర్వాత "జాబితాలో లేదు" అన్న వరుసలు ఫిల్టర్ చేసి, కోడ్‌లని వేరే షీటులోకి తీసి, డూప్లికేట్లు తొలగించి, ధరల జాబితా ఎవరి చేతిలో ఉంటే వాళ్లకి పంపండి. వాళ్లు చేర్చి పంపాక ఫార్ములా ముట్టుకోవాల్సిన పని లేదు, టేబుల్‌లో కింద అతికించండి చాలు.